వాడని గంటకు కౌలు

కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా అధ్యక్షులకు, సభ్యులకు,

నేను హైదరాబాదు మాదాపూర్‌లో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చూస్తున్న చార్టర్డ్ అకౌంటెంట్‌ని. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు. పది మందో ఇరవై మందో పనిచేసేవి. ఒకప్పుడు వాళ్ల ఖర్చుల పట్టికలో జీతాల తర్వాతి స్థానం ఆఫీసు అద్దెది. ఇప్పుడు అద్దెను కిందికి నెట్టి అక్కడ క్లౌడ్ బిల్లు కూర్చుంది. ఆ బిల్లులో నాకు నిద్ర పట్టనివ్వని వరస ఒకటుంది. చిత్రమేమంటే, అది డిస్కౌంట్ వరస.

ధర తగ్గిస్తుంటే ఫిర్యాదేమిటని మీకు అనిపించవచ్చు. నా ఫిర్యాదు తగ్గింపు మీద కాదు, దానికి బదులుగా మా చేత ఇప్పించుకునే మాట మీద.

అలాంటి మాట ఎలా ఉంటుందో నేను చిన్నప్పుడే చూశాను. మా నాన్న తెనాలి దగ్గర కౌలు రైతు. ఎకరాకు ఇన్ని బస్తాలని ఆసామితో ఏరువాకకు ముందే ఒప్పుకోవాలి. పండినా అన్నే బస్తాలు, మునిగినా అన్నే. కోరుకు చేస్తే పండినదాంట్లో సగమిచ్చి ఊరుకోవచ్చు, కానీ బాగా పండిన ఏడాది ఆ సగం చూసి కడుపు మండుతుంది. అందుకే గుండె ధైర్యం ఉన్నవాడు కౌలుకే మొగ్గుతాడు. తుపాను కొట్టిన ఓ ఏడాది మా ఆసామి గట్టు మీద నిలబడి, పడిపోయిన చేను చూసి, సగం బస్తాలు వదిలేశాడు. ఆయన మంచితనం సంగతి తర్వాత. చేను ఆయన కళ్లెదుట ఉంది, అది ముఖ్యం.

క్లౌడ్ వ్యాపారం మొదలైంది రోజుకూలి పద్ధతిలోనే. అమెజాన్ 2006లో ఈసీ2 అనే కంప్యూటర్ల అద్దె సేవ తెచ్చినప్పుడు చిన్న యంత్రానికి గంటకు 10 సెంట్లు తీసుకునేది. వాడినంతసేపు కట్టాలి, ఆపితే బిల్లూ ఆగుతుంది. దాన్నే ఆన్-డిమాండ్ అంటారు. 2009లో రిజర్వ్‌డ్ ఇన్‌స్టెన్స్ వచ్చింది: ఫలానా రకం యంత్రాన్ని ఏడాదో మూడేళ్లో ఉంచుకుంటానంటే ధర తగ్గుతుంది. 2019 నవంబరులో సేవింగ్స్ ప్లాన్ వచ్చాక మాట తీరే మారింది. యంత్రం పేరు చెప్పనక్కర్లేదు, సొమ్ము చెప్పాలి. 'గంటకు ఇన్ని డాలర్లు, రాత్రీ పగలూ, ఏడాది లేదా మూడేళ్లు.' బదులుగా 66 శాతం దాకా తగ్గింపు. ఒకే రీజియన్‌లో ఒకే రకం యంత్రాలకు కట్టుబడితే 72 శాతం దాకా. మైక్రోసాఫ్ట్ అజ్యూర్ కూడా 2022 అక్టోబరులో ఇలాంటి ప్లానే తెచ్చింది, 65 శాతం దాకా. గూగుల్ ఫ్లెక్సిబుల్ కమిట్‌మెంట్‌లో ఏడాదికి 28, మూడేళ్లకు 46 శాతం. ఆ 'దాకా' అన్న మాటను ఆషాఢం సేల్ బోర్డు మీద చిన్నక్షరాలు చదివినట్టు చదువుకోవాలి.

ఇప్పుడు ఓ లెక్క చెబుతాను, దయచేసి ఓపికపట్టండి. ఒక కంపెనీ పగలు పన్నెండు గంటలు గంటకు 10 డాలర్ల యంత్రాలు, రాత్రి పన్నెండు గంటలు గంటకు 4 డాలర్ల యంత్రాలు వాడుతుందనుకుందాం. ఆన్-డిమాండ్‌లో రోజుకు 168 డాలర్లు. 30 శాతం తగ్గింపు ప్లాన్ ఉంది. పగటి వాడకం చూసుకుని, గంటకు 7 డాలర్లు కట్టుబడితే 10 డాలర్ల పని జరుగుతుంది కదా అని యజమాని సంతకం పెట్టాడు. గంటకు 7 చొప్పున ఇరవై నాలుగు గంటలకు ఎంత? 168. ఒక్క డాలరు కూడా మిగల్లేదు. రాత్రి గంటల్లో 2 డాలర్ల 80 సెంట్లే ఖర్చయి, మిగిలిన 4 డాలర్ల 20 సెంట్లు ఆ గంటతోనే ఆవిరయ్యాయి. అవి తర్వాతి గంటకు పోవు, మర్నాటి పగటికీ రావు.

అదే మనిషి రాత్రి మట్టానికి మాత్రమే, అంటే గంటకు 2 డాలర్ల 80 సెంట్లకు కట్టుబడి, పగటి అదనాన్ని ఆన్-డిమాండ్‌లో కొనుక్కుంటే రోజుకు 139 డాలర్ల 20 సెంట్లు. ఆదా 17 శాతం. బోర్డు మీద 30 చూసి లోపలికొస్తే, తెలివిగా కొన్నవాడికి దక్కేది 17, ఆశపడ్డవాడికి సున్నా. నేను క్లయింట్లకు చెప్పే సూత్రం ఒక్కటే: వంద నుంచి తగ్గింపు శాతం తీసేయండి, మీ వాడకం కట్టుబడినదాంట్లో అంతకంటే కిందికి జారితే మీరు నష్టంలో ఉన్నట్టు. 30 శాతం తగ్గింపైతే ఆ గీత 70 దగ్గర. ఇంత చిన్న అంకెను కొనే పేజీలో, ధర పక్కన, అంతే పెద్ద అక్షరాల్లో వేయడానికి ఎవరికైనా ఏం అడ్డం?

దీనికి అమ్మేవాళ్ల జవాబు నాకు తెలుసు. గంట నిలవ ఉండే సరుకు కాదు, ఖాళీగా వెళ్లిన బస్సు సీటును రేపు అమ్మలేం కదా అంటారు. సీటు మీకోసం అట్టేపెట్టినప్పుడు ఆ మాట నిజమే. సేవింగ్స్ ప్లాన్‌లో సీటు అట్టేపెట్టరు. అది బిల్లులో తగ్గింపు మాత్రమే, యంత్రం దొరుకుతుందన్న హామీ కాదు. హామీ కావాలంటే కెపాసిటీ రిజర్వేషన్ అనేది విడిగా తీసుకోవాలి. కాబట్టి నేను వాడని గంటలో ఆ యంత్రం ఇంకొకరి పని చేసుకోవచ్చు, ఆ ఇంకొకరూ డబ్బు కడతారు. మా ఆసామి నాన్న దగ్గర కౌలు తీసుకుంటూ అదే చేలో మరొకరి చేత నాట్లు వేయించలేదు.

పైగా ఈ గంట అనేది ప్రకృతి గీసిన గీతేమీ కాదు. స్నాప్‌చాట్‌ను నడిపే స్నాప్ కంపెనీ 2017లో అమెరికా స్టాక్ మార్కెట్లోకి వస్తూ దాఖలు చేసిన పత్రాల్లో గూగుల్ క్లౌడ్‌తో ఒప్పందం వివరాలున్నాయి. ఐదేళ్లలో 200 కోట్ల డాలర్లు, ఏడాదికి 40 కోట్లు. తక్కువ వాడితే తేడా కట్టాలి. అయితే మొదటి నాలుగేళ్లలో ఏ ఏటికాయేడు 15 శాతం వరకు తర్వాతి సంవత్సరాలకు జరుపుకోవచ్చు. చూశారా? 40 కోట్ల డాలర్లు కొనేవాడి లెక్క ఏడాదికోసారి తేలుతుంది, అందులోనూ కొంత ముందుకు జరుగుతుంది. గంటకు 7 డాలర్లు కొనేవాడి లెక్క గంటగంటకూ తెగిపోతుంది. ఎవరి వాడకం ఎక్కువగా ఎగుడుదిగుడుగా ఉంటుందో వాళ్లకే సందు తక్కువ.

ఇక నా కళ్లతో చూసింది. క్లయింటు అనుమతితోనే రాస్తున్నాను. వాళ్ల పేరూ, వాళ్లకు అమ్మిన క్లౌడ్ కంపెనీ పేరూ రాయను. ఎప్‌సెట్‌కు మాక్ టెస్టులు పెట్టే చిన్న సంస్థ. 2022 ఏప్రిల్‌లో, అంటే పిల్లలంతా రాత్రింబగళ్లు పరీక్షలు రాస్తున్న రోజుల్లో, పోర్టల్‌లో ఒక సిఫార్సు కనబడింది: గంటకు 6 డాలర్లు కట్టుబడితే 45 శాతం తగ్గింపు, మూడేళ్లు, ముందుగా పైసా కట్టనక్కర్లేదు. గత 30 రోజుల వాడకం చూసి చేసిన సిఫార్సు అది. 30 రోజులు చూసి మూడేళ్లకు! కౌలు మాట్లాడుకునేటప్పుడు మా ఊళ్లో ఎంత అమాయకుడైనా పోయిన మూడు పంటల సంగతి అడుగుతాడు. వీళ్లు అడగలేదు. 'ముందుగా పైసా అక్కర్లేదు' అన్న మాట దగ్గరే ఆగిపోయారు. చేతి నుంచి ఇప్పుడు డబ్బు కదలకపోతే అది అప్పు కాదని మనసు నమ్మేస్తుంది. నిజానికి ఆ క్లిక్కుతో వాళ్లు ఏడాదికి 52,560 డాలర్లు, ఆనాటి మారకంలో దాదాపు 40 లక్షల రూపాయలు, మూడేళ్ల పాటు బాకీ పడ్డారు. బ్యాంకులో అంత అప్పు కావాలంటే ఎన్ని సంతకాలు, ఎందరు హామీదారులు!

పరీక్షలయ్యాయి, పిల్లలు వెళ్లిపోయారు, వాడకం 38 శాతానికి పడింది. 45 శాతం తగ్గింపుకు నష్టం గీత 55 దగ్గర ఉంది. దసరాకల్లా వాళ్ల ఇంజనీరు ఒకమ్మాయి రెండు నెలలు కూర్చుని ప్రోగ్రామును తిరగరాసి, యంత్రాల అవసరాన్ని సగానికి దించింది. యజమాని అందరి ముందూ మెచ్చుకున్నాడు. నెలాఖరు బిల్లు మాత్రం రూపాయి తగ్గలేదు. పొదుపు ఆమె చేసింది, ఫలం ప్లాన్ మింగింది. ఆ నెల ఇన్‌వాయిస్ పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "సార్, నేనేమైనా తప్పు చేశానా?" అని అడిగింది. లేదమ్మా, అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ఇంకో దెబ్బ డాలరుది. ధర డాలర్లలో ఉంటుంది, ఇన్‌వాయిస్ రూపాయల్లోకి మారి వస్తుంది. 2022 ఏప్రిల్‌లో డాలరు సుమారు 76 రూపాయలు, 2025 ఏప్రిల్‌కి 85 దాటింది. అదే 52,560 డాలర్లు చివరి రోజుల రేటులో 45 లక్షలకు దగ్గరపడ్డాయి. ఫీజులు రూపాయల్లో వసూలు చేసుకునే సంస్థ మూడేళ్ల డాలరు బాకీని ఏ రక్షణా లేకుండా మోసింది. 2025 డిసెంబరులో డాలరు 90 దాటిన రోజు నాకు మొదట గుర్తొచ్చింది విదేశాల్లో చదివే పిల్లల ఫీజులు కాదు, ఇలాంటి ప్లాన్లు కొన్న నా క్లయింట్లు.

ఇరుక్కున్నవాడు బయటపడే దారులున్నాయా అంటే, ఉన్నాయి, వినడానికి. అమెజాన్ 2024 నుంచి గంటకు 100 డాలర్లు లేదా అంతకు తక్కువ ఉన్న సేవింగ్స్ ప్లాన్లను వారం రోజుల్లో వెనక్కి తీసుకుంటోంది, కొన్నది అదే క్యాలెండర్ నెలలో అయితేనే. నెలాఖరు రోజున కొన్నవాడికి వారమంటే ఆ ఒక్క రోజే. అజ్యూర్‌లో రిజర్వేషన్లను పన్నెండు నెలల్లో 50 వేల డాలర్ల మేర వాపసు చేయొచ్చు, సేవింగ్స్ ప్లాన్‌ను మాత్రం చేయలేరు. గూగుల్ కమిట్‌మెంట్ ఒకసారి కొంటే రద్దు ఉండదు.

అమెజాన్‌లో మిగిలిపోయిన రిజర్వ్‌డ్ ఇన్‌స్టెన్స్‌లను ఇతరులకు అమ్ముకునే మార్కెట్‌ప్లేస్ ఉంది. అమ్మాలంటే అమెరికా బ్యాంకు ఖాతా ఉండాలి. అమెజాన్ వెబ్ సర్వీసెస్ ఇండియా సంస్థ ద్వారా కొన్న కస్టమర్లయితే అమెరికా ఖాతా ఉన్నా అమ్మడానికి లేదు. ఈ నిబంధన వాళ్ల సొంత పత్రాల్లోనే ఉంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఇంత అక్షరాలా నిజమవడం నేనెక్కడా చూడలేదు. చిన్నవాళ్ల కమిట్‌మెంట్లన్నీ ఒకచోట కలిపి, ఒకరు వాడనిది మరొకరికి సర్దే మధ్యవర్తులు కొందరుండేవారు. 2025 జూన్ నుంచి అమెజాన్ నిబంధనలు ఆ సర్దుబాటునూ కట్టడి చేశాయి. వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. కానీ పోటీ చట్టం చదివేవాళ్లు ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడాలని నా మనవి.

వాడినా వాడకపోయినా కట్టాలనే పద్ధతి మనకు కొత్త కాదు. గుంటూరు జిల్లాలో నా క్లయింటు స్పిన్నింగ్ మిల్లుకు హెచ్‌టీ కరెంటు కనెక్షన్ ఉంది. డిమాండ్ ఛార్జీ లెక్క ఇదీ: ఆ నెల నమోదైన డిమాండ్, ఒప్పుకున్న డిమాండ్‌లో 80 శాతం, రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. మిల్లు మూతపడ్డ నెలలో ఆ బిల్లు చూసి యజమాని తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను. అయినా ఆ 80 శాతం ఎక్కడ నిర్ణయమవుతుంది? విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణలో. ఆయన వెళ్లొచ్చు, అభ్యంతరం రాసివ్వొచ్చు, దానికి జవాబు అచ్చులో వస్తుంది. గ్యాస్ సంగతి చూడండి. ఖతార్ రాస్‌గ్యాస్‌తో పెట్రోనెట్ ఎల్‌ఎన్‌జీకి ఇలాంటి దీర్ఘకాలిక ఒప్పందమే ఉండేది. 2015లో బయటి ధరలు పడిపోతే మన కంపెనీ తక్కువ గ్యాస్ తీసుకుంది, జరిమానా దాదాపు 12 వేల కోట్ల రూపాయలని తేలింది. ఆ ఏడాది డిసెంబరు 31న ఒప్పందాన్ని తిరగరాసి జరిమానా మాఫీ చేశారు. కొనేవాడు పెద్దవాడు, వెనకాల ప్రభుత్వం ఉంది, కాబట్టి కూర్చుని మాట్లాడుకున్నారు. మాక్ టెస్టుల సంస్థతో కూర్చునేదెవరు? వాళ్ల ఫిర్యాదు టికెట్‌కు మూడో రోజు వచ్చిన జవాబులో నిబంధనల లింకు ఒకటుంది, అంతే.

మీ చేతులు ఎంతవరకు వెళ్తాయో నాకు తెలియకపోలేదు. ఆంపూల్స్‌కు వాడే గాజు గొట్టాలు అమ్మే షాట్ గ్లాస్ ఇండియా తగ్గింపుల మీద మీరు 2012లో జరిమానా వేశారు, 2014లో అప్పీలు ట్రిబ్యునల్ కొట్టేసింది, 2025 మేలో సుప్రీంకోర్టు ట్రిబ్యునల్ పక్షానే నిలిచింది. ఎక్కువ కొన్నవాడికి ఎక్కువ తగ్గింపు, అందరికీ ఒకే కొలమానంతో ఇస్తే, దానంతటది నేరం కాదు. పోటీకి హాని జరిగిందని చూపించాలి అని తీర్పు. ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. బ్రిటన్‌లో పోటీ నియంత్రణ సంస్థ క్లౌడ్ మార్కెట్‌ను దాదాపు రెండేళ్ల పాటు తవ్వి 2025 జులై 31న తుది నివేదిక ఇచ్చింది. డేటా బయటికి తీసుకెళ్లే రుసుముల మీద, ఒకచోటి నుంచి మరోచోటికి మారడంలోని సాంకేతిక అడ్డంకుల మీద, మైక్రోసాఫ్ట్ లైసెన్సుల మీద అభ్యంతరం చెప్పింది. కమిట్‌మెంట్ తగ్గింపుల వల్ల మాత్రం పోటీకి హాని కనబడలేదంది. నా వాదనకు ఇది ఎదురుగాలే, దాచను. కానీ వాళ్లు ప్రధానంగా పరిశీలించింది పెద్ద సంస్థలు బేరమాడి రాసుకునే ఒప్పందాలను. బేరమే లేని, ఒక క్లిక్కుతో ముగిసే, డాలర్లలో నడిచే, తిరిగి అమ్ముకునే హక్కు లేని చిన్న కొనుగోలుదారుడి ప్లాన్ వేరే జంతువు.

అందుకే నేను జరిమానా అడగడం లేదు. మీరు ఈ-కామర్స్ మీద 2020లో, కృత్రిమ మేధ మీద 2025లో మార్కెట్ అధ్యయనాలు వెలువరించారు. అలాంటిదొకటి క్లౌడ్ కమిట్‌మెంట్ల మీద చేయించండి. మన దేశంలో చిన్న సంస్థలు కట్టుబడినదాంట్లో నిజంగా ఎంత వాడుతున్నాయి, ఎంత ఆవిరవుతోంది అన్న అంకె బయట ఎక్కడా లేదు. అమ్మేవాళ్ల దగ్గర మాత్రం సెంటుతో సహా ఉంటుంది. అడగగలిగింది మీరే.

బయటికి వచ్చే పద్ధతికి కొత్త సిద్ధాంతం అక్కర్లేదు. బ్యాంకులో ఐదేళ్ల ఎఫ్‌డీ వేసి రెండేళ్లకే తీసుకుంటే ఏం చేస్తారు? ఐదేళ్ల వడ్డీ ఇవ్వరు. ఉన్నన్నాళ్లకు వర్తించే వడ్డీ కట్టి, కొంచెం కోసుకుని డబ్బు చేతిలో పెడతారు. మూడేళ్ల ప్లాన్ కొన్నవాడు ఏడాదికే వెళ్తానంటే, ఆ ఏడాదికి ఏడాది ప్లాన్ ధర లెక్కగట్టి తేడా వసూలు చేసి వదిలేయొచ్చు. అమ్మినవాడికి నష్టమేమీ లేదు, ఏడాదికి ఎంత ధర న్యాయమని తనే అనుకున్నాడో అంతా వచ్చింది. చిన్న సంస్థలు ఫ్లోటింగ్ రేటు వ్యాపార రుణాన్ని ముందే తీరిస్తే వాణిజ్య బ్యాంకులు అదనపు రుసుము వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2025 జులైలో చెప్పింది, 2026 జనవరి 1 నుంచి ఇచ్చే రుణాలకు అది వర్తిస్తోంది. గంటల లెక్కను చిన్నవాళ్లకైనా నెల లెక్కగా మార్చడం ఇంకా తేలిక. పైన చెప్పిన పగలూ రాత్రీ కంపెనీకి నెల లెక్క ఉంటే, అదే తగ్గింపు మీద 30కి 30 శాతం దక్కేది.

మాటే అక్కర్లేని తగ్గింపు కూడా ఈ వ్యాపారంలో ఒకప్పుడు పుట్టింది. 2014లో గూగుల్, యంత్రం నెలంతా నడిస్తే 30 శాతం దాకా తనంతట తనే తగ్గించే పద్ధతి పెట్టింది. వాడాక తగ్గింపు, ముందు సంతకం లేదు. ఇప్పుడు చాలా కొత్త రకం యంత్రాలకు అది లేదు. ఎందుకు పోయిందో మీ అధ్యయనంలో ఒక ప్రశ్నగా వేయించండి.

మాక్ టెస్టుల సంస్థ ప్లాన్ 2025 ఏప్రిల్‌లో ముగిసింది. గడువుకు ముందు నెలలో రెన్యూ చేసుకోమని మూడు మెయిళ్లు వచ్చాయి, మూడింట్లోనూ పాత సిఫార్సే, మళ్లీ పరీక్షల సీజన్ చూసి చేసినది. ఈసారి వాళ్లు ఏడాదికి, గంటకు డాలరున్నర మాత్రమే తీసుకున్నారు. పాత ప్లాన్ తాలూకు గంటగంట లెక్క నా దగ్గర ఉంది, 26,280 వరసలు. వాటిలో ఎన్ని గంటలు డబ్బు కట్టి వాడకుండా వదిలేశారో పక్క నిలువులో ఎర్ర అంకెల్లో ఉంటుంది. మీరు అడిగితే పేర్లు తీసేసి ఆ ఫైలు పంపడానికి వాళ్లు ఒప్పుకున్నారు.

భవదీయుడు,
ఒక చార్టర్డ్ అకౌంటెంట్
మాదాపూర్, హైదరాబాదు